తొట్టెలో గోధుమరంగు పాచి: ముందు నీళ్ల సంగతి చూద్దాం

(చెన్నై పెరంబూరులో ఉప్పునీటి అక్వేరియంలు పెంచుకునే తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్ల దగ్గర ఒక అబ్బాయి నన్ను ఆపి ఫోనులో ఫొటో చూపించాడు. తెల్లటి ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు ఒక పొర. "మేడమ్, తొట్టె పెట్టి మూడు వారాలే అయింది. అంతా తీసి కడిగేయమంటారా?" అని అడిగాడు. వద్దు నాయనా, ముందు లోపలికి వచ్చి కూర్చో అన్నాను. అదిగో, మొదటి వరుసలో ఉన్నాడు. ఈ రోజు నేను మాట్లాడేదంతా అతనికి చెబుతున్నట్టే అనుకోండి.

ఆ కడిగే పని నేను చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నా మొదటి తొట్టె 200 లీటర్లది. హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలను తెచ్చుకున్నాను. మూడో వారంలో ఇసుక, రాళ్లు, అద్దం అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. ఇంటికి వచ్చిన చుట్టాలంతా "నీళ్లు మురిగిపోయాయేమో" అనడం మొదలుపెట్టారు. ఒక సెలవురోజు చేపలను బకెట్లో వేసి, ఇసుకనంతా బాల్కనీలో కుళాయి కింద పెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. రాళ్లను బ్రష్షుతో రుద్దాను. ఫిల్టర్ స్పాంజిని కూడా పిండి ఆరేశాను. సాయంత్రానికి తొట్టె అంగడిలో కొన్న రోజులా మెరిసింది. మూడో రోజు తెల్లవారేసరికి చేపలు రెండూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అమోనియా పరీక్ష చేస్తే ముదురు ఆకుపచ్చ వచ్చింది. సాయంత్రానికి పెద్దది చనిపోయింది.

ఆ పాచి వాటికి ఏ హానీ చేయలేదు. చేప విసర్జించే అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఇసుకలో, రాళ్లలో, స్పాంజిలో కాపురం ఉంటుంది. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లతో దాన్ని నేనే చంపేశాను. పది రోజులకు పాచి మళ్లీ వచ్చింది. రాకేం చేస్తుంది, అవే నీళ్లు మళ్లీ పోశాను కదా!

అప్పుడు గానీ ఇది అసలు ఏమిటో చూడాలని నాకు తోచలేదు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాను. పక్క విభాగంలోని వృక్షశాస్త్రం మేడమ్ దగ్గరికి చిన్న సీసాలో ఆ గోధుమరంగు గీకుడు తీసుకెళ్లాను. ఒక చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో చూపించారు. నేను మురికి అనుకున్నది అద్దపు పడవల గుంపు. ఒక్కొక్కటీ రెండు కొనలూ సన్నగా, ఒంటి నిండా దువ్వెన పళ్లలాంటి గీతలతో, లోపల రెండు బంగారు రంగు పలకలతో ఉంది. కొన్ని నెమ్మదిగా ముందుకు జారి, ఆగి, మళ్లీ వెనక్కి జారుతున్నాయి. ఆవిడ ఒక ఖాళీ పెంకును వెతికి చూపించారు. సబ్బుపెట్టెలా ఒకదాని మీద ఒకటి మూసుకునే రెండు డొప్పలు. వీటినే డయాటమ్‌లు అంటారు. ఆ డొప్పలు సిలికాతో కట్టుకున్నవి, అంటే దాదాపు గాజే. ఆ బంగారు గోధుమరంగు ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకానిది. లోపలి పత్రహరితాన్ని అది కప్పేస్తుంది. సముద్రాల్లో ఆహారపు గొలుసుకు మొదటి లంకెలుగా నిలిచేవాటిలో ఇవి ముఖ్యమైనవి. ఆ రోజు నుంచి నాకు వీటి మీద కోపం పోయింది.

సిలికా దొరికితేనే డయాటమ్ ఇల్లు కట్టుకోగలదు. నైట్రేటు, ఫాస్ఫేటు, వెలుతురు ఎన్ని ఉన్నా, ఆ గాజు లేకపోతే రెండుగా చీలలేదు. కొత్త తొట్టెలో కరిగిన సిలికా ఉంటుంది, పోటీకి వేరే పాచి ఏదీ ఇంకా కుదురుకోలేదు. అందుకే రెండో వారం నుంచి నాలుగో వారం లోపు డయాటమ్‌లు విరగబడి పెరుగుతాయి. ఉన్న సిలికా అయిపోగానే వాటంతట అవే తగ్గుతాయి. చాలా తొట్టెల్లో రెండు నెలల లోపే ఇది జరిగిపోతుంది. జరగలేదంటే మనం రోజూ కొత్త సిలికా పోస్తున్నామన్నమాట.

ఇక్కడ మన చెన్నై నీళ్ల గురించి చెప్పాలి. ఈ ఊరి కుళాయికి ఒక్క ఊట లేదు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువులు, వీరాణం, 1996 నుంచి కండలేరు మీదుగా వచ్చే మన కృష్ణ నీళ్లు, 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో మొదలైన సముద్రపు నీటి శుద్ధి కర్మాగారాలు, ఇవన్నీ కలిసి ఈ నగరం దాహం తీరుస్తున్నాయి. అది చాలనప్పుడు బోరు, ట్యాంకరు. 2019 వేసవిలో ట్యాంకరు కోసం ఎన్ని రాత్రులు మేలుకున్నామో మీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి జనవరిలో మీ కుళాయిలో ఉన్నంత సిలికాయే మే నెలలోనూ ఉంటుందని లేదు. బోరు నీళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ గుట్టల్లోని చార్నొకైట్ లాంటి రాళ్లలో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. అది నీటిలో నెమ్మదిగా చివికి సిలికాను వదులుతుంది.

"మేము ఆర్‌ఓ నీళ్లే పోస్తున్నాం మేడమ్" అంటారు. నేనూ అదే అన్నాను. మా వంటింటి ఆర్‌ఓ యంత్రాన్ని శుభ్రం చేయడానికి వచ్చినతన్ని ఒకసారి పక్కన కూర్చుని గమనించాను. మూత విప్పి, లోపల ఉన్న చిన్న తెల్లటి మరను స్క్రూడ్రైవరుతో పావు వంతు తిప్పాడు. ఎందుకు అని అడిగితే, "నీళ్లు చప్పగా ఉన్నాయని ఇంట్లో అంటున్నారమ్మా, కొంచెం పచ్చినీళ్లు కలిపితే రుచి వస్తుంది" అన్నాడు. అతని పని అతను సరిగ్గానే చేశాడు. మనుషులు తాగడానికి అలా కలపవచ్చు. కానీ ఆ మర తెరిచి ఉన్నంతకాలం బోరులోని సిలికా నేరుగా మీ తొట్టెలోకి వస్తుంది. ఇంటికి వెళ్లగానే మీ యంత్రంలో అలాంటి మర ఉందో లేదో చూడండి. ఉంటే, తొట్టె నీళ్ల కోసం ఆర్‌ఓ వడపోత పొర (మెంబ్రేన్) దాటిన వెంటనే, పచ్చినీళ్లు కలవకముందే, వేరే గొట్టం తీయించుకోండి.

ఆ మర మూయించాక నేను డీఐ రెజిన్ గొట్టం, అంటే నీళ్లలో మిగిలిన అయాన్లను పట్టేసే గుళికల గొట్టం, కూడా బిగించాను. మీటరు పెడితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగినవాటి మొత్తం లెక్క, సున్నా. ఎంత సంతోషించానో! అయినా అయిదారు నెలల తర్వాత పాచి తిరిగి వచ్చింది. మీటరు అప్పుడూ సున్నానే చూపిస్తోంది. ఈసారి ఆ నీళ్లను కాలేజీ ప్రయోగశాలకు తీసుకెళ్లి మాలిబ్డేటుతో సిలికా పరీక్ష చేశాను. సిలికా ఉంటే మొదట లేత పసుపు వస్తుంది, క్షయకరణం చేస్తే నీలమవుతుంది. ఒక నాళికలో స్వేదన జలం, పక్క నాళికలో నా సున్నా నీళ్లు పెట్టాను. స్వేదన జలం తేటగానే ఉండిపోయింది. నాది పది నిమిషాల్లో నీలిమందు కలిపినట్టయింది.

ఎందుకలా? టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగినవాటిని తూచదు. నీళ్ల గుండా విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి లెక్క కడుతుంది. విద్యుత్తును మోసేది అయాన్లు. కరిగిన సిలికా మామూలు నీటిలో సిలిసిక్ ఆమ్లంగా ఉంటుంది. అది ఎంత బలహీనమైన ఆమ్లమంటే, దాదాపు ఏమాత్రం అయాన్లుగా విడిపోదు. మీటరుకు అది కనిపించదు. అయాన్లను పట్టే రెజిన్ కూడా దాన్ని సడలిన పట్టుతోనే పట్టుకుంటుంది. రెజిన్ నిండిపోతున్నప్పుడు అన్నింటికంటే ముందు జారిపోయేది సిలికాయే. మీటరు ఒకటో రెండో చూపించే నాటికి సిలికా ఎప్పటి నుంచో తొట్టెలోకి పోతూ ఉంటుంది. అందుకే రెజిన్‌ను మీటరు చూసి కాకుండా ఎన్ని లీటర్లు పట్టామో లెక్క రాసుకుని మారుస్తాను. సిలికేట్ కిట్, అంటే నీళ్లలో కరిగిన సిలికాను కొలిచే కిట్, ఒకటి కొనుక్కోండి. ఈ అభిరుచికి పెట్టే ఖర్చులో అది చాలా చిన్నది.

వేసవిలో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను పెట్టి చల్లబరిచే తొట్టెలో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైందనుకోండి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే. ఉప్పూ సిలికా తొట్టెలోనే ఉంటాయి. లీటరుకు 20 మిల్లీగ్రాముల సిలికా ఉన్న నీళ్లు రోజూ పోస్తూ ఉంటే, నెలకు 2,400 మిల్లీగ్రాములు. 200 లీటర్ల తొట్టెలో అది లీటరుకు 12 మిల్లీగ్రాములు అదనం. ఉష్ణమండల సముద్రాల పైపొరలో సాధారణంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఇక డయాటమ్‌లు ఎందుకు తగ్గుతాయి?

సముద్రపు నీళ్లే తెచ్చి పోసేవారికి ఒక్క మాట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తేవద్దు. ఆ కాలంలో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది, నదుల నీళ్లు కలిసిన తక్కువ ఉప్పదనపు నీటిని మోసుకొస్తుంది. సముద్రానికి సిలికాను అందించేది ప్రధానంగా నదులే. అడయారు, కూవం నదులు సముద్రంలో కలిసేచోట ఏ కాలంలోనూ పట్టకండి.

ఇసుక మీద నింద వేయడం చాలా చోట్ల వింటాను. గాజులాంటి క్వార్ట్జ్ రేణువు నీటిలో కరగడం అతి నెమ్మది. పగడపు ఇసుక క్షారత నిలవడానికి కొంత తోడ్పడవచ్చు. కానీ పాచి పోతుందని ఉన్న ఇసుకను మార్చే శ్రమ పడకండి.

పాచి తగ్గేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. అద్దాన్ని అయస్కాంతపు గీకుడుతో గీకి, వెంటనే నీళ్లు మార్చండి. గీకి వదిలేస్తే చచ్చిన పెంకులు కరిగి సిలికా తిరిగి నీళ్లలో కలుస్తుంది. ఇసుక పైపొరను మాత్రం సన్నటి గొట్టంతో పీల్చండి, లోతుగా కెలకవద్దు. ఫిల్టరులోని దూదిని అదే రోజు మార్చండి. లైటు ఎనిమిది గంటలు చాలు. అయితే డయాటమ్‌లు తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి, లైటు తగ్గించడమొక్కటే మందు కాదు. నీళ్లు సరిచేశాక కూడా సిలికేట్ దిగకపోతే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు పనిచేస్తాయి. అవి ఫాస్ఫేటును కూడా లాగేస్తాయి కాబట్టి కొద్దికొద్దిగా వాడండి. పాచి మందు సీసాలు మాత్రం కొనకండి. రాగి ఉన్న మందయితే నత్తలకు, రొయ్యలకు ప్రాణాంతకం.

నత్తలు డయాటమ్‌లను ఇష్టంగా తింటాయి, సెరిత్ అనే రకం నత్తలు మరీను. కానీ టర్బో, ట్రోకస్ నత్తల్లో కొన్ని జాతులు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో ఉన్నాయి. గట్టి పగడాలకయితే 2001 నుంచి పులికి ఉన్నంత రక్షణ ఉంది. "బతికిన రాయి" (లైవ్ రాక్, జీవులు అంటుకుని ఉన్న రాయి) అని సముద్రం నుంచి కోసుకొచ్చినదాన్ని ఎవరు అమ్మినా తీసుకోకండి. పొడి రాయి మీద బ్యాక్టీరియా చక్కగా పెరుగుతుంది. మన్నార్ సింధుశాఖ మన రాష్ట్ర తీరంలోనే ఉంది, దాని రాళ్లు దానికే ఉండనివ్వండి.

ఇక నన్ను భయపెట్టే సంగతి. గోధుమరంగులో ఉన్నదల్లా డయాటమ్ కాదు. ఏడాది దాటిన తొట్టెలో ఉన్నట్టుండి గోధుమరంగు జిగురు తీగలు కట్టి, వాటిలో గాలిబుడగలు చిక్కుకుని, రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి దట్టమవుతుంటే, అది డైనోఫ్లాజెలేట్ అనే మరో రకం సూక్ష్మజీవి అయి ఉండవచ్చు. నత్తలు కారణం లేకుండా చనిపోతుంటే అనుమానం మరింత గట్టిపడాలి. వీటిలో కొన్నింటికి విషం ఉంటుంది, చేతికి గాయం ఉంటే తొడుగు లేకుండా ముట్టుకోకండి. వీటి స్వభావం తిరగబడినట్టు ఉంటుంది. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు పడిపోయిన తొట్టెల్లోనే ఇవి తరచు విజృంభిస్తాయి. డయాటమ్ అనుకుని మనం నీళ్లను ఇంకా ఇంకా శుభ్రం చేస్తే వీటికే మేలు. వీటిని అణచడానికి కావాలని సిలికేట్ పోసి డయాటమ్‌లను పెంచేవారు కూడా ఉన్నారు. శత్రువని నేను కడిగి పారేసినదే అక్కడ కాపలా కాస్తుంది.

తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కొంచెం జిగురును తొట్టె నీళ్లతో సహా సీసాలో పట్టి గట్టిగా కుదపండి, పలచటి కాగితంలో వడకట్టండి, ఆ వడకట్టిన నీళ్లను వెలుతురులో ఒక గంట ఉంచండి. మళ్లీ తీగలు కట్టుకుంటే డైనోఫ్లాజెలేట్ కావడానికే ఎక్కువ అవకాశం. తేల్చి చెప్పేది మాత్రం మైక్రోస్కోపే.

అందుకే ఈ రోజు కాలేజీ నుంచి ఒకటి అడిగి తెచ్చాను. కిటికీ పక్క బల్ల మీద ఉంది. సీసాల్లో నమూనాలు తెచ్చినవారు మీ పేరు, నీళ్లు ఎక్కడివో, తొట్టె వయసెంతో చీటీ మీద రాసి అంటించండి. సిలికేట్ పరీక్షకు మీ నీళ్లు కూడా పోయండి, నాళికలు ఇరవై ఉన్నాయి. మొదటి స్లైడు ఆ అబ్బాయిది. రా నాయనా, సీసా తెచ్చావా?