అమ్మేటప్పుడు కాగితం మీద ఏం రాశారు?

సభకు వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మీలో చాలామంది ఇండియా నుంచి అమ్మానాన్నలను రప్పించుకుని, కొన్నాళ్ళు ఉంచుకుని, మళ్ళీ టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో విమానం ఎక్కించి ఉంటారు. ఈసారి ఆ టికెట్ ధరలో ఏమేం కలిశాయో చూడండి. ఎయిర్‌పోర్ట్ ఇంప్రూవ్‌మెంట్ ఫీజు అని ఒక వరుస కనిపిస్తుంది. శంషాబాద్ విమానాశ్రయంలో యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) కట్టిన వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. తేడా ఒకటుంది. శంషాబాద్‌ను నడిపేది లాభం కోసం పెట్టిన కంపెనీ. పియర్సన్‌ను 1996 చివరి నుంచి నడుపుతున్నది వాటాదారులే లేని సంస్థ. నేల మాత్రం ఇప్పటికీ కెనడా ప్రభుత్వానిదే. ఆ నేలకు సంస్థ ఏటా అద్దె కడుతుంది. ఆ అద్దె తిరిగి తిరిగి మన టికెట్ మీదకే వస్తుంది.

ఇది ఒక్క పియర్సన్ సంగతి కాదు. 1994లో వచ్చిన జాతీయ విమానాశ్రయ విధానం 26 పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటిని ఇదే దారిలో పెట్టింది. ఎయిర్ కెనడాను అంతకు ముందే, 1988-89లో, రెండు విడతలుగా అమ్మేశారు. 1995లో సీఎన్ (కెనడియన్ నేషనల్) రైల్వే, 1996లో విమానాల రాకపోకల నియంత్రణ, 1998లో రేవులు కూడా వేరే సంస్థల చేతికి వెళ్ళాయి. పదేళ్ళలో ఒక దేశం తన రవాణాను దాదాపుగా చేతుల్లోంచి దించేసింది. అప్పట్లో ఖజానా అప్పుల్లో మునిగి ఉంది, అది నిజం. అమ్మడమే తప్పు అని చెప్పడానికి నేను రాలేదు. అమ్మిన రోజు కాగితం మీద ఏం రాశారు, తర్వాత దాన్ని ఎవరు పట్టించుకున్నారు అన్నదే నా ప్రశ్న.

ఈ దేశానికి రైలు అంటే ఒట్టి బండి కాదు. 1871లో బ్రిటిష్ కొలంబియా కెనడాలో చేరిందంటే, రెండేళ్ళలో రైలు మార్గం మొదలుపెట్టి పదేళ్ళలో పూర్తి చేస్తామని ఇచ్చిన మాట మీదే. న్యూఫౌండ్‌లాండ్ 1949లో చేరినప్పుడు ఫెర్రీ నడపాల్సిన బాధ్యతను చేరిక షరతుల్లోనే రాయించుకుంది. అంత పాత షరతు కాబట్టే ఆ ఫెర్రీని ఈరోజుకూ ప్రభుత్వ సంస్థే నడుపుతోంది.

ఇప్పుడు సీఎన్ చూద్దాం. దివాలా అంచుకు చేరిన ప్రైవేటు రైల్వేలను కలిపి 1919లో ప్రభుత్వం కట్టిన సంస్థ అది. 1995 నవంబరులో వాటాలు అమ్మితే 2 బిలియన్ డాలర్లకు పైగా వచ్చాయి. ఆ చట్టం పేరులో ప్రైవేటీకరణ అనే మాట లేదు, కమర్షియలైజేషన్ అని రాశారు. అందులో షరతులు గట్టివే. ప్రధాన కార్యాలయం మాంట్రియల్ ప్రాంతం దాటకూడదు. ఎవరి చేతిలోనూ 15 శాతానికి మించి వాటాలు ఉండకూడదు (2018లో దాన్ని 25 చేశారు). ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింటిలో సేవ చేయాలి. ఇన్నేళ్ళయినా కార్యాలయం మాంట్రియల్‌లోనే ఉంది. రాసినది నిలబడింది.

రాయనిది? ప్రయాణికుల బండ్లు. వాటి కోసం 1977లో వయా రైల్ పెట్టారు కానీ దానికంటూ ఒక చట్టం చేయలేదు. అందుకే 1990 జనవరిలో పార్లమెంటులో చట్టం మార్చే పనే లేకుండా దాదాపు సగం బండ్లను తీసేయగలిగారు. ఈరోజు వయా తిరిగే పట్టాల్లో దాని సొంతం సుమారు 3 శాతం. మిగతావి ఎక్కువగా సీఎన్‌వి. పొరుగున అమెరికాలో గూడ్సు కంటే ఆమ్‌ట్రాక్ (అక్కడి ప్రయాణికుల రైలు సంస్థ) ప్యాసింజరుకే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉంది. ఇక్కడ అలాంటిది లేదు. మన ఊళ్ళలో ప్యాసింజరును లూప్ లైనులో పెట్టి, 'క్రాసింగ్ ఉంది' అని కూర్చోబెట్టడం గుర్తుంది కదా. ఇక్కడ ఆ క్రాసింగ్ కిలోమీటర్ల పొడవున్న గూడ్సు బండితో. టొరంటో నుంచి వాంకూవర్ వెళ్ళే బండి గంటల కొద్దీ ఆలస్యంగా చేరితే ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

రాసినా సరిపోని కథ చర్చిల్‌ది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

హడ్సన్ బే ఒడ్డున, మానిటోబా ఉత్తరాన, తొమ్మిది వందల మంది దాకా ఉండే ఊరు చర్చిల్. ఆ ఊరికి రోడ్డు లేదు. విన్నిపెగ్ నుంచి 1,700 కిలోమీటర్ల రైలు ఉంది, లేకపోతే విమానం. 1997లో ఆ పట్టాలనూ రేవునూ ఆమ్నీట్రాక్స్ అనే అమెరికా కంపెనీకి అమ్మేశారు. 2017 మే నెలలో వరద వచ్చి పట్టాలు చాలాచోట్ల కొట్టుకుపోయాయి. బాగుచేయించే స్థోమత మాకు లేదంది కంపెనీ. బాగుచేయాల్సిన బాధ్యత మీదేనని ఒప్పందం చూపించింది ప్రభుత్వం. నోటీసులు, దావాలు నడిచాయి. 2018 జూన్‌లో రవాణా ఏజెన్సీ కూడా పని మొదలుపెట్టమని ఆదేశించింది. పట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. పాల దగ్గర నుంచి గ్యాస్ దాకా అన్నీ విమానంలోనో ఓడలోనో రావాలి. ధరలు మండిపోయాయి, కొన్ని కుటుంబాలు ఊరు వదిలి వెళ్ళిపోయాయి. బండి మళ్ళీ వచ్చేసరికి ఏడాదిన్నర గడిచింది. అదీ ఉత్తర మానిటోబా ఆదివాసీ సమూహాలు, స్థానిక సంఘాలు భాగస్వాములుగా కొత్త సంస్థ ఏర్పడి, ప్రభుత్వం 117 మిలియన్ డాలర్లు ఇచ్చాక. అమ్మేసిన దాని కోసం మళ్ళీ జనం సొమ్మే పెట్టాల్సి వచ్చింది. ఒప్పందంలో బాధ్యత ఉంది, దాన్ని వెంటనే అమలు చేయించే చెయ్యి లేకపోయింది.

తనిఖీ సంగతికి వస్తే, క్యూబెక్‌లోని లాక్ మెగాంటిక్ అనే ఊరి పేరు తలుచుకోకుండా మాట్లాడలేను. 2013 జూలై 6. క్రూడాయిల్ నిండిన 72 ట్యాంకర్ల బండిని క్యూబెక్‌లోని నాంట్ అనే చోట వాలు మీద నిలిపారు. డ్రైవరు ఒక్కడే, వేసిన హ్యాండ్ బ్రేకులు 7. ఇంజిన్‌లో మంటలొస్తే ఫైర్ వాళ్ళు వచ్చి ఇంజిన్ ఆపేశారు. దాంతో ఎయిర్ బ్రేకు మెల్లగా వదులైంది. బండి తనంతట తానే 11 కిలోమీటర్లు దొర్లుకుంటూ వచ్చి ఊరి నడిబొడ్డున బోల్తా పడింది. 47 మంది చనిపోయారు. 2001 నుంచి రైలు కంపెనీలు తమ భద్రతా పద్ధతులను తామే రాసుకుని పాటించాలి, ప్రభుత్వం వాటిని ఆడిట్ చేయాలి. ఈ కంపెనీ 2002లో రాసుకుంది, 2010 దాకా అమల్లో పెట్టనే లేదు. ప్రభుత్వ రవాణా శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడా చేసిన మొదటి ఆడిట్ కూడా 2010లోనే. ఇది నేను చెబుతున్న మాట కాదు, 2014లో రవాణా భద్రతా బోర్డు నివేదికలో ఉన్నదే. ఎనిమిదేళ్ళు ఆ కాగితం బీరువాలో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇదే దేశం నావ్ కెనడాను ఎంత జాగ్రత్తగా కట్టిందో చూస్తే బాధ ఇంకా పెరుగుతుంది. 1996లో 1.5 బిలియన్ డాలర్లకు విమానాల నియంత్రణను అప్పగించారు, కానీ వాటాదారులు లేరు. 15 మంది బోర్డులో విమాన సంస్థలు, ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు, చిన్న విమానాల వాళ్ళు, అందరి ప్రతినిధులూ ఉంటారు. భద్రత నియమాలు ప్రభుత్వం చేతిలోనే. దీనికీ లోటు ఉంది. కోవిడ్‌లో విమానాలు ఆగిపోతే ఆదుకునే ఖజానా లేక 2020లో రుసుములు సగటున 29.5 శాతం పెంచారు. అయినా ఎవరి ప్రయోజనం ఎక్కడుందో ముందే ఆలోచించి కుర్చీలు వేశారు. పట్టాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఏమైందో!

ఇప్పుడు టొరంటో నుంచి క్యూబెక్ నగరం దాకా సుమారు 1,000 కిలోమీటర్ల హైస్పీడ్ రైలు రాబోతోంది. ఆల్టో అనే ప్రభుత్వ సంస్థ తరఫున ఆ పనిని 2025 ఫిబ్రవరిలో కేడెన్స్ అనే ప్రైవేటు కూటమికి ఇచ్చారు. విమాన టికెట్లు అమ్మే ఎయిర్ కెనడా కూడా ఆ కూటమిలో ఉంది. మీ ఎంపీ ఆఫీసుకు వెళ్ళి, సంప్రదింపుల సభల్లో లేచి నిలబడి అడగండి. కింగ్‌స్టన్, బెల్‌విల్‌లో చదువుకునే మన పిల్లలు ఎక్కే మామూలు బండ్లు రోజుకు ఎన్ని నడపాలో రాశారా? నడపకపోతే ఎన్ని రోజుల్లో, ఎవరు, ఏం చేస్తారు? వాళ్ళు నోటితో చెబితే సరిపోదు. ఏ పేజీలో ఉందో చూపించమనండి.