పియానోకి గంటన్నర

సభకు నమస్కారం. పేరుపేరునా తలచుకోవాల్సిన పెద్దలు చాలామంది ఉన్నారు. నాకిచ్చింది ముప్పై నిమిషాలు, మైకు సర్దేసరికి అందులో నాలుగు పోయాయి. అందుకని అందరికీ కలిపి ఒకే దండం.

ఆహ్వానపత్రికలో 'జాజ్ ఉత్సవ సంస్థ: ఆశయం, విలువలు, నాయకత్వం' అని వేశారు. మూడింటికీ తలా పది నిమిషాలని మొదట లెక్క వేసుకున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది కొత్తగా బోర్డులోకి వస్తున్నారు. మిగతా సగం వేదిక దగ్గర బరువులు మోసే వాలంటీర్లు. ఈ రెండు వర్గాలూ ఉత్సవం మూడు రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అరుదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఆశయం. 'లాభాపేక్ష లేని సంస్థ' అనగానే ఏడాది చివర చేతిలో చిల్లిగవ్వ మిగలకూడదని చాలామంది అనుకుంటారు. కాదండీ. మిగలొచ్చు, మిగలాలి కూడా. ఆరుబయట ఉత్సవానికి ఒక పూట గట్టి వాన కొట్టిందంటే గేటు దగ్గర అమ్మకం పోతుంది. వేదిక అద్దె, సౌండు, విమానాల ఖర్చు, కళాకారులకు ఒప్పుకున్న సొమ్ము మాత్రం వానతో పోవు. ఆ దెబ్బ కాచుకోవడానికి నిల్వ ఉండాలి. చట్టం వద్దన్నదల్లా మిగిలినదాన్ని లోపలివాళ్లు పంచుకోవడం. అమెరికాలో పన్ను మినహాయింపునిచ్చే 501(సి)(3) సెక్షన్ కింద నమోదైన సంస్థ ఏటా పన్ను శాఖకు దాఖలు చేసే 990 ఫారంలో, మొదటి పేజీలోనే 'మీ ఆశయం ఏమిటి' అని అడుగుతారు. లోపలి పేజీల్లో డైరెక్టర్ల జీతాలుంటాయి. చివరి మూడేళ్ల ఫారాలు ఎవరడిగినా చూపించాల్సిందే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అనే పరిస్థితి రాకూడదనే ఈ ఏర్పాటంతా.

మిగులు ఎక్కడికి పోతోందో చూస్తే ఆశయం తెలిసిపోతుంది. న్యూ ఆర్లియన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఉత్సవం 1970లో మొదలైనప్పుడు వచ్చిన జనం సుమారు 350 మంది. వాయించడానికి వచ్చినవాళ్లే అంతకంటే ఎక్కువట. ఇవాళ దాని యాజమాన్యం ఒక ఫౌండేషన్‌ది. అదే ఫౌండేషన్ ఒక రేడియో స్టేషన్నీ, పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే బడినీ నడుపుతోంది. కాలిఫోర్నియాలో 1958లో పుట్టిన మాంటెరే జాజ్ ఉత్సవం మొదటినుంచీ సంగీత విద్యనే తన పనిగా చెప్పుకుంది. డెట్రాయిట్ జాజ్ ఉత్సవానికి 1980 నుంచి ఇప్పటిదాకా ప్రవేశం ఉచితం. ఉచితం అని పోస్టరు మీద వేయడం తేలికే. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టాలంటే దాతలు ఇచ్చిన మూలధనం కావాలి. ఈ ముచ్చట ఇక్కడికి చాలు.

ఇక విలువలు. కళాకారుడికి గౌరవం, శ్రోతకు గౌరవం, నాణ్యత... కరపత్రంలో వేయని ఉత్సవం లేదు. ఇవి నిజంగా ఉన్నాయో లేదో చూడాలంటే కరపత్రం పక్కన పెట్టి, వేదిక దినచర్య కాగితం తీయండి. పియానో శ్రుతి చేయడానికి గంటన్నర నిశ్శబ్దం అందులో రాసుందా?

నవ్వుతున్నారు. నవ్వండి, కానీ ఒకసారి వినండి. పియానోలో మీటలు 88, తీగలు సుమారు 230. మధ్య భాగంలోనూ పై భాగంలోనూ ఒక్కో స్వరానికి మూడేసి తీగలు. శ్రుతి చేసే మనిషి, అదే ట్యూనర్, వచ్చి ఆ తీగల మధ్య ఫెల్టు పట్టీ దూర్చి, పక్క తీగల నోరు మూసి, నడిమి తీగ ఒక్కటే పలికేలా చేసుకుంటాడు. మధ్య స్థాయిలో స్వరాల నడుమ దూరాలు కుదుర్చుకుంటాడు. తర్వాత పట్టీ లాగి పక్క తీగల్ని నడిమిదానితో కలుపుతాడు. రెండు తీగలు కొంచెం తేడాగా ఉంటే 'వావ్-వావ్' అని ఒక ఊగు వినిపిస్తుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో విస్పందనాలు అని చదువుకున్నాం కదా, అవే. ఆ ఊగు ఆగిపోయేదాకా తీగ చుట్టిన మేకును వెంట్రుకవాసి తిప్పుతాడు. ఫోనులో యాప్ ఉంటే సాయమే, కానీ చివరి కలయిక చెవితోనే తేల్చుకోవాలి. అతను అలా చెవి వాల్చి ఉన్నప్పుడు పక్కనే ఒకరు బాస్ డ్రమ్ము కొట్టి చూస్తుంటారు. ఫోర్క్‌లిఫ్టు కీకీమంటూ వెనక్కి వస్తుంది. సౌండు మనిషి స్పీకర్లలో పాట పెట్టి పరీక్ష చేస్తాడు. ఇంకేం వింటాడు పాపం!

తప్పు వాళ్లెవరిదీ కాదు. మీరు రాసిన కాగితంలో ఆ గంటన్నరకు గడి లేదు. గడి లేని పనికి నిశ్శబ్దం ఎవరిస్తారు?

ఇంకొకటి. ఆరుబయట పియానో ఉదయం శ్రుతి చేసి రాత్రిదాకా వదిలేస్తే నిలవదు. ఎండ తగిలితే తీగలు వేడెక్కి సాగి, స్వరం దిగుతుంది. సాయంత్రం చల్లబడేసరికి ఎక్కుతుంది. గాలిలో తేమ పెరిగితే తీగల మోతను పెద్దది చేసే చెక్క పలక, అదే సౌండ్‌బోర్డు, ఉబ్బి స్వరం మరింత ఎక్కుతుంది. అందుకే పియానోను ముందే వేదిక మీదికి చేర్చి, నీడ కల్పించి, కొన్ని గంటలు ఆ గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు శ్రుతి చేయించాలి. ప్రధాన కచేరీకి ముందు మళ్లీ ఓ ఇరవై నిమిషాలు సరిచూడాలి. ఆ తర్వాత మూత వేసి, దుప్పటి కప్పేయాలి. మీద నీళ్ల సీసాలు పెట్టకూడదు. వాలంటీర్లూ, ఇది మీకే.

శ్రుతి చేసేదీ ఎంతకి? బృందమంతా ఆధారంగా పట్టుకునే 'ఎ' స్వరం సెకనుకు 440 కంపనాలకా, 442కా? ఈ ప్రశ్న ట్యూనర్ వచ్చాక అడిగితే లాభం లేదు. బృందంలో వైబ్రాఫోన్ ఉందనుకోండి. దాని లోహపు పట్టీలు ఫ్యాక్టరీలోనే ఒక శ్రుతికి కోసేసి వస్తాయి, చాలావాటికి అది 442. పియానో 440లో ఉంటే ఆ ఒక్క స్వరం దగ్గరే సెకనుకు రెండు ఊగులు. శాక్సఫోన్ మనిషి మౌత్‌పీస్ కాస్త లోపలికి నెట్టి సర్దుకుంటాడు. వైబ్రాఫోన్ సర్దుకోలేదు. శ్రుతి మాతా, లయః పితా అన్నారు. తల్లినే సరిగ్గా కుదుర్చుకోకుండా కచేరీకి కూర్చోబెడతామా?

హామండ్ ఆర్గన్ సంగతి కూడా చెప్పేస్తాను. తర్వాత వదిలేస్తాను, ఒట్టు. అందులో బి-3 అనే మోడల్లో స్వరం పుట్టించేది తిరిగే చక్రాలు. ఆ చక్రాల్ని తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని నడుస్తుంది. అమెరికాలో అది సెకనుకు 60 ఆవృత్తులు. ఖర్చు తగ్గుతుందని నాసిరకం జనరేటర్ తెచ్చారు, కరెంటు లోడు పడగానే 59కి దిగింది. ఆర్గన్ మొత్తం అర్ధస్వరంలో పావు వంతుకు పైగా కిందికి జారుతుంది. 58 అయితే సగం దాటిపోతుంది. వాయించేవాడు ఏం చేసినా పైకి రాదు, తిప్పడానికి అక్కడ మేకే లేదు. జనం మాత్రం అతని మొహమే చూస్తారు. కోశాధికారి గారూ, జనరేటర్ కొటేషన్లు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అట్టడుగు ధర మీద సంతకం పెట్టేముందు, లోడు పడ్డప్పుడు ఫ్రీక్వెన్సీ నిలుస్తుందా అని ఒక్కమాట అడగండి. ఆర్గన్ స్టార్టు మీటను ఎనిమిది సెకన్లు పట్టుకుని, వదలకుండానే రన్ మీట వేసి, ఇంకో నాలుగు సెకన్లు ఆగాలని వాలంటీర్లు గుర్తుంచుకోండి. మామూలు స్విచ్చులా టక్కున వేసి, పాడైపోయిందని కంగారుపడతారు.

ఆ బి-3 తయారీ 1954లో మొదలైంది. అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం మొదలైందీ అదే ఏడు. జార్జ్ వీన్ నడిపిన ఆ ఉత్సవం ఎంత గొప్పదో నేను చెప్పక్కర్లేదు. కానీ 1960లో బాసిస్టు చార్లెస్ మింగస్, డ్రమ్మర్ మాక్స్ రోచ్ కలిసి అదే ఊళ్లో, అదే రోజుల్లో, క్లిఫ్ వాక్ మానర్ అనే హోటల్లో పోటీ ఉత్సవం పెట్టారు. డబ్బు ఇవ్వడంలో, కళాకారుల ఎంపికలో వ్యాపార ధోరణి మీద కోపం అది. అటు అసలు ఉత్సవం ఆ ఏడు బయట జరిగిన అల్లర్ల వల్ల మధ్యలోనే ఆగిపోయింది. వాయించేవాడి సొమ్ము దగ్గర అన్యాయం జరిగిందన్న మాట ఎంత దూరం పోతుందో చూడండి. ఒప్పందంలో మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతాది ఏ రోజు ఏ గంటకి అన్నవి ఉండాలి. విదేశీ కళాకారుడైతే అమెరికాలో మామూలుగా 30 శాతం పన్ను ముందే మినహాయించాలి. ఆ మాట ఒప్పందం రోజున చెప్పండి. కచేరీ అయ్యాక చెక్కు చేతికిస్తూ చెబితే ఆయనకి అది దోపిడీలాగే కనిపిస్తుంది.

అయ్యో, నాయకత్వం మిగిలిపోయింది. గంట కొట్టకండి, అయిదు నిమిషాలు.

సాధారణంగా ఇద్దరుంటారు. ఎవరు వాయించాలో తేల్చేది కళా దర్శకుడు, డబ్బు, మనుషులు, చట్టం చూసేది కార్యనిర్వాహక దర్శకుడు. బోర్డు పని ఈ ఇద్దరినీ నియమించడం, లెక్క అడగడం, నిధులు తేవడం. బ్యాండ్ల జాబితాలో వేలు పెట్టడం బోర్డు పని కాదు. బోర్డు సభ్యుడి బావమరిది బ్యాండుకి అవకాశం వచ్చిందనుకుందాం. ఆ సంగతి ముందే రాతపూర్వకంగా చెప్పి, చర్చప్పుడు బయటికి వెళ్లి, ఓటు మానుకోవాలి, అదంతా మినిట్స్‌లో ఎక్కాలి. లేదంటే కంచే చేను మేసినట్టే.

వారసత్వం గురించి ఒక్కమాట. న్యూపోర్ట్ జార్జ్ వీన్ 2007లో ఉత్సవాలు నడిపే తన కంపెనీ అమ్మేశారు. కొన్నవాళ్లు రెండేళ్లకే కూలబడ్డారు. ఆయన మళ్లీ భుజాన వేసుకుని, తర్వాత లాభాపేక్ష లేని ఫౌండేషన్‌కి అప్పజెప్పారు. తాను బతికుండగానే బాసిస్టు క్రిస్టియన్ మెక్‌బ్రైడ్‌ను కళా దర్శకుడిగా కూర్చోబెట్టారు. 2021లో 95వ ఏట ఆయన పోయారు, ఉత్సవం ఆగలేదు. స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో జాజ్ ఉత్సవం నడిపిన క్లోడ్ నోబ్స్ 2013 జనవరిలో హఠాత్తుగా పోయినా జూలైలో కచేరీలు జరిగాయి, పక్కనే పని తెలిసిన మనిషి ఉన్నాడు కాబట్టి. మన దగ్గర తాళాలు, ఒప్పందాలు, ట్యూనర్ ఫోను నంబరు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి... ఒక్కరేనా?

సరే. మధ్యాహ్నం ప్రధాన బృందం మేనేజరు వచ్చి 'మాకింకో అరగంట సౌండ్‌చెక్ కావాలి' అంటాడు. ఆ అరగంట ఎక్కడినుంచి వస్తుంది? పియానో గంటన్నరలోంచే. 'కుదరదండీ' అనాల్సింది వేదిక మేనేజరు, ఇరవై నాలుగేళ్ల పిల్ల. బృందం మేనేజరు కోపంగా ఫోను తీస్తాడు. ఆ ఫోను దర్శకుడికి వెళ్తుంది. దర్శకుడు ఏమంటాడన్నదే అసలు ప్రశ్న. 'ఆ అమ్మాయి చెప్పిందే ఫైనల్' అంటే మర్నాడు ఆమె మళ్లీ ధైర్యంగా నిలబడుతుంది. 'ఈ ఒక్కసారికి సర్దుకో అమ్మా' అన్నాడో, మూడు రోజులూ ఆమె మాట ఎవరూ వినరు.

మీ కుర్చీల మీద శనివారం దినచర్య కాగితం పెట్టించాను, తీయండి. రెండో వేదిక, మూడో వరుస. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా 'ఖాళీ' అని టైపు చేసుంది కదా? అది కొట్టేసి 'పియానో శ్రుతి, నిశ్శబ్దం' అని రాయండి. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లని అడగండి.