లూలూ మొహాన్ని చూడండి

అందరికీ నమస్కారం. కాసేపట్లో మనం చూడబోయేది 1929లో బెర్లిన్‌లో విడుదలైన మూకీ సినిమా, ‘పండోరాస్ బాక్స్’. రెండు గంటల పైనే ఉంటుంది, కాస్త ఓపిక పట్టాలి. ఈలోగా అందులో లూలూగా వేసిన లూయీస్ బ్రూక్స్ గురించి నాలుగు మాటలు చెప్తాను, ఎందుకంటే ఆమె పేరు ఎత్తగానే అందరూ ఆ నల్లటి బాబ్‌కట్ గురించే మాట్లాడతారు, మాట అక్కడే ఆగిపోతుంది. ఆ జుట్టు కింద ఉన్న మొహం సంగతి ఎవరికీ పట్టదు. నాకు బాధ అనిపించేది అక్కడే.

ఆమె 1906లో అమెరికాలోని క్యాన్సస్ రాష్ట్రంలో చెర్రీవేల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి డెనిషాన్ డాన్స్ కంపెనీలో చేరింది. తర్వాత ఆధునిక నాట్యంలో పెద్ద పేరు తెచ్చుకున్న మార్తా గ్రాహం అప్పుడు అక్కడే ఉండేది, ఆవిడ నాట్యం చూసే నటన నేర్చుకున్నానని లూయీస్ తర్వాత చెప్పుకుంది. నాకైతే ఆమె నటన మొత్తానికి తాళం చెవి ఈ మాటే. 1925లో పారమౌంట్ అనే సినిమా స్టూడియోతో ఒప్పందం కుదిరింది, వరసగా సినిమాలు వచ్చాయి. 1928లో ‘బెగ్గర్స్ ఆఫ్ లైఫ్’లో మగపిల్లాడి వేషం వేసుకుని గూడ్సు రైళ్లెక్కి పారిపోయే అమ్మాయిగా వేసింది, అది కూడా ఎప్పుడైనా వేసుకుందాం.

అప్పుడే టాకీలు వచ్చిపడ్డాయి. స్టూడియోలో టెన్షన్, ఎవరి గొంతు పనికొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ అదను చూసుకుని, ఒప్పందం ప్రకారం రావాల్సిన జీతం పెంపు ఇవ్వం, పాత జీతానికే ఉంటే ఉండు లేకపోతే వెళ్లిపో అన్నారు. ఆమె వెళ్లిపోయింది. బెర్లిన్‌లో పాబ్స్ట్ అనే దర్శకుడు ఈ సినిమాలో లూలూ వేషానికి తగిన నటి కోసం వెతుకుతున్నాడు, నేరుగా అక్కడికే వెళ్లింది. తర్వాత, అంతకుముందే ఆమె మూకీగా నటించిన ‘ద కెనరీ మర్డర్ కేస్’ని టాకీగా మారుస్తున్నాం, వచ్చి మాటలు చెప్పమని పారమౌంట్ పిలిస్తే రానంది. చివరికి మార్గరెట్ లివింగ్‌స్టన్ అనే నటి చేత ఆమెకు గొంతు చెప్పించారు. డబ్బింగ్ మనకు కొత్త కాదు కదా, కానీ ఆమె విషయంలో మాత్రం గొంతు బాగోలేదన్న ప్రచారం పుట్టి, అదే ఆమెకు అడ్డం తిరిగింది. పొగరుబోతు అన్నారు. రావాల్సిన డబ్బులు అడిగిన మనిషిని పొగరుబోతు అనడం నాకు అస్సలు నచ్చదు.

1938లో జాన్ వేన్ పక్కన ఒక కౌబాయ్ సినిమాతో అంతా అయిపోయింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఒకటి. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా కూడా పనిచేసింది. 1950ల్లో పాత సినిమాలు భద్రపరిచే ఇద్దరు, పారిస్‌లో ఆన్రీ లాంగ్లవా, అమెరికాలోని రోచెస్టర్‌లో జేమ్స్ కార్డ్, ఆమె సినిమాలు మళ్లీ బయటికి తీశారు. ఆమె రోచెస్టర్‌లోనే స్థిరపడి, సినిమాల మీద వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది. ఆ వ్యాసాలు 1982లో పుస్తకంగా వచ్చాయి, 1985లో ఆమె పోయింది. ఫ్రెంచి దర్శకుడు గొదార్ సినిమాలో నటి అన్నా కరీనా జుట్టు చూసినవాళ్లకు లూలూ గుర్తొచ్చే ఉంటుంది.

ఈ సినిమా వచ్చినప్పుడు బెర్లిన్ విమర్శకుల్లో కొందరు అసలు ఈమె నటించడమే లేదన్నారు. మూకీల్లో కళ్లు పెద్దవి చేసి, గుండెలు పట్టుకుని ఏడవడం అలవాటైన కళ్లకు ఆమె ఏమీ చేయనట్టే కనిపించి ఉంటుంది. చివరి ఘట్టంలో వేసుకున్న బట్టలు ఆమె సొంతవే, ఎంతో ఇష్టపడి కొనుక్కున్నవి. పాబ్స్ట్ వాటినే చింపించి, జిడ్డు పూయించాడు. అవి వేసుకున్నప్పుడు ఆ బట్టల్లాగే తానూ పాడైపోయినట్టు అనిపించిందని ఆమే రాసింది.

క్రిస్మస్ రాత్రి, లండన్‌లో పొగమంచు. లూలూ ఒక మగమనిషిని మేడ మీదికి రమ్మంటుంది. డబ్బుల్లేవంటాడు. ఫర్లేదు రా, నువ్వు నచ్చావంటుంది. అతను వెనక్కి పెట్టుకున్న చేతిలో కత్తి ఉంది, మెట్ల మీదే దాన్ని వదిలేస్తాడు. అప్పుడు ఆమె మొహం చూడండి, అందులో భయం లేదు, జాలి లేదు, ఇంటికొచ్చిన మనిషిని చూసిన సంతోషం తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత గదిలో ఏం జరుగుతుందో నేను చెప్పను. ఆమె చెయ్యి మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి. ఇక లైట్లు ఆపేద్దాం.