సీఏ ఇంటర్ కోచింగ్: మీ జవాబు పత్రం దిద్దేది ఎవరు?

[తెర: హోర్డింగు. వరుసగా పాస్‌పోర్టు ఫొటోలు, కింద ర్యాంకులు.]

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఫలితాలు వచ్చాయంటే చాలు, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వీధుల్లో ఇలాంటి హోర్డింగులు వెలుస్తాయి. సీఏ ఇంటర్‌లో, అంటే ఆ కోర్సు రెండో మెట్టులో చేరాలనుకునే పిల్లలూ, వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులూ వీటిని చూసే కోచింగ్ ఎంచుకుంటారు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు కష్టపడి చదివినవాళ్లే, కాదనను. కానీ మీకు అవసరమైన సంగతి ఆ హోర్డింగు మీద రాయరు. ఆ కోచింగ్‌లో మీరు రాసే టెస్టు జవాబు పత్రాన్ని ఎవరు దిద్దుతారు? ఎలా దిద్దుతారు?

ముందు లెక్క చూద్దాం. 2024 మే పరీక్షల నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతిలో ఇంటర్‌కు ఆరు పేపర్లు, మూడేసి చొప్పున రెండు గ్రూపులు. గ్రూపు గట్టెక్కాలంటే ప్రతి పేపరులో కనీసం 40 రావాలి, మూడూ కలిపి 300కు 150 ఉండాలి.

[తెర: 45 + 45 + 45 = 135]

అన్నింటిలో 45 వచ్చినా గ్రూపు పోయినట్టే.

[తెర: 70 + 62 + 38 = 170]

ఇక్కడ మొత్తం 170. అయినా ఆ 38 ముంచేసింది. కాకపోతే 60 దాటిన ఆ రెండు పేపర్లకూ తర్వాతి మూడు పరీక్షల వరకు ఎగ్జెంప్షన్ ఉంటుంది, అంటే వాటిని మళ్లీ రాయనక్కర్లేదు, అదొక ఊరట. ప్రతి పేపరులో 30 మార్కులకు నాలుగింటిలో సరైనది గుర్తించే ప్రశ్నలు, మిగిలిన 70 చేత్తో రాయాల్సినవి. అసలు చిక్కంతా ఈ 70 దగ్గరే.

కంపెనీ చట్టం నుంచి ఒక ప్రశ్న తీసుకుందాం.

[తెర: ప్రశ్న పత్రం]

ఒక కంపెనీ మొదటి ఆర్థిక సంవత్సరం 2024 మార్చి 31న ముగిసింది. లెక్కలు తేలలేదు కాబట్టి తొలి వార్షిక సర్వసభ్య సమావేశానికి మూడు నెలల గడువు పెంచమని కంపెనీల రిజిస్ట్రారును అడిగింది. పెంచవచ్చా?

క్లాసులో అడిగితే సగం మంది ‘పెంచకూడదు సార్’ అంటారు. జవాబు సరైనదే. పరీక్షలో ఆ ఒక్క ముక్కే రాసి వస్తే మాత్రం దక్కే మార్కులు అరకొరే. దిద్దేవాళ్లు వెతికేవి మూడు. మొదట చట్టం: 2013 కంపెనీల చట్టం 96వ సెక్షన్ ప్రకారం తొలి సమావేశం మొదటి ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోపు జరగాలి. ప్రత్యేక కారణం ఉంటే రిజిస్ట్రారు మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు, తొలి సమావేశానికి మాత్రం ఆ వీలు లేదు. తర్వాత దాన్ని ఈ కంపెనీకి వర్తింపజేయడం: ఇక్కడ గడువు 2024 డిసెంబరు 31. చివరగా తీర్పు: అభ్యర్థన చెల్లదు.

రెండు సమావేశాల మధ్య పదిహేను నెలలకు మించి విరామం ఉండకూడదనే నియమం కూడా అదే సెక్షన్‌లో ఉంది. తెలుసు కదా అని అదీ రాసేస్తే మార్కు పెరగదు, తర్వాతి ప్రశ్నకు సమయం తగ్గుతుంది.

[తెర: ఎర్ర సిరాతో దిద్దిన పత్రం. అంచున ‘గడువు తేదీ ఏది?’, ఒక పేరా మీద అడ్డగీత, ‘ఇది అడగలేదు’.]

ఈ రెండు వ్యాఖ్యలు చూడండి. నెలంతా పాఠం విన్నా ఇవి తెలియవు. మొత్తం మార్కులు వేసి సంతకం పెట్టి ఇచ్చేస్తే అది దిద్దడం కాదు, కూడిక.

తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ పరీక్ష ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. మన దగ్గర మంచి లెక్చరర్లు తెలుగులోనే విడమరచి చెబుతారు, చక్కగా బుర్రకెక్కుతుంది. అర్థమైంది కాబట్టి వచ్చేసిందనుకుంటాం. అదే విషయం ఇంగ్లీషులో నాలుగు వాక్యాల్లో పెట్టమంటే పెన్ను కదలదు. తెలుగులో చెప్పడం తప్పని నేననను, అది వరమే. కాకపోతే ప్రతి వారం చేత్తో రాయించని చోట ఆ వరం సగంలోనే ఆగిపోతుంది.

రికార్డు చేసిన పాఠాలు కొంటున్నారా? అకౌంట్స్‌కు పెద్దగా బెంగ లేదు. పన్నుల పేపరు దగ్గర జాగ్రత్త. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల సంఖ్యలే మారిపోయాయి. సీనియర్ దగ్గర సగం ధరకు దొరికిన వీడియోలు మీ పరీక్షకు పనికొస్తాయో లేదో చూడాలంటే, ఏ పరీక్షకు ఏ చట్టం వర్తిస్తుందో, సీఏ పరీక్షలు నిర్వహించే సంస్థ ఐసీఏఐ ఇచ్చే ప్రకటన ముందు చదవండి.

అసలు కోచింగ్ తప్పనిసరా? కాదు. ఐసీఏఐ ఉచితంగా ఆన్‌లైన్ క్లాసులు నడుపుతుంది. స్టడీ మెటీరియల్, ప్రతి పరీక్షకూ విడుదల చేసే రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్టులు, పాత ప్రశ్నలకు నమూనా జవాబులు దాని వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఆ నమూనా జవాబులు పక్కన పెట్టుకుని మీది మీరే దిద్దుకోగలిగితే ఫీజు మిగిలినట్టే. ఇంట్లో కూర్చుని అంత నిక్కచ్చిగా దిద్దుకోవడం చాలామందికి కుదరదు, అందుకే కోచింగ్ సెంటర్లు నిండుతున్నాయి.

డెమో క్లాసుకు వెళ్లినప్పుడు లెక్చరర్ జోకులకు నవ్వండి, పర్వాలేదు. బయటికి వచ్చాక పాత బ్యాచ్ విద్యార్థి ఒకరిని పట్టుకుని, దిద్దిన పత్రం ఒకటి చూపించమనండి. రాసిన ఎన్ని రోజులకు చేతికొచ్చిందో అడగండి. సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందో కూడా కనుక్కోండి. పరీక్షకు కనీసం రెండు నెలల ముందు ముగియకపోతే రివిజన్‌కు చోటుండదు.

ఇక ఫీజు. రెండు గ్రూపులకూ ఒకేసారి కడితే రాయితీ అంటారు, ఈ రోజే ఆఖరి తేదీ అని కూడా అంటారు. తొందరపడకండి. ముందు ఒక గ్రూపుకే కట్టి, మొదటి టెస్టు రాసి, ఆ పత్రం ఎలా తిరిగొచ్చిందో చూశాక రెండోదాని సంగతి తేల్చుకోండి.