గంప దించమని చెప్పిన తప్పు
(కోనసీమలోని ఒక గ్రామ వ్యాయామశాల ప్రారంభోత్సవంలో విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ శాలకు స్థలమిచ్చిన కుటుంబానికి, నాలుగు నెలల పాటు సాయంత్రాలన్నీ ఇక్కడే గడిపి గోడలకు సున్నం వేసిన కుర్రవాళ్ళకు నా అభినందనలు. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరినో ఒకరిని మరచిపోయి నొప్పిస్తాను. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

‘ఆరోగ్యానికి వ్యాయామం’ గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి మీరు వందసార్లు విన్నారు. ముప్పై రెండేళ్ళు కోనసీమ పాఠశాలల్లో పనిచేసిన నేను ఒక పిల్లకు ఒక తప్పు మాట చెప్పాను. ఈ రోజు ఆ మాట మీ ముందు వెనక్కి తీసుకోవాలని వచ్చాను.

ఆ పిల్ల తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. తల్లి ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేది. సెలవు రోజుల్లో తండ్రి దింపిన కాయను ఈ పిల్ల పోగుచేసి, గంపకెత్తుకుని, తోటలో నుంచి కాలువ గట్టు దాకా చేరవేసేది. ఒకరోజు గట్టు మీద నిలబడి ఆ నడక చూశాను. మెడ కదలదు. నడుము ఊగదు. వర్షానికి నానిన బోదె దాటేటప్పుడు ముందు బొటనవేలితో నేలను తడిమి, అప్పుడు మడమ ఆనించేది. గంప మాత్రం నీళ్ళ మీద పడవలా నిలకడగా వచ్చేది. ఆ మర్నాడే ఆమెను పరుగు పందేల జట్టులో చేర్చుకున్నాను.

చేర్చుకుని ఏం చెప్పాను? “ఇక గంప ఎత్తకు తల్లీ. బరువులు మోస్తే కండ బిగుస్తుంది, కాలు బరువెక్కుతుంది, పరుగు పాడవుతుంది.” నా కుర్రతనంలో నాకు శిక్షణ ఇచ్చినవారు చెప్పిన మాట అది. నేనూ అదే అప్పజెప్పాను. తర్వాత కాలేజీలో చేరాక, అక్కడ బరువులెత్తే గది ఉందని, వెళ్ళమంటారా అని వచ్చి అడిగింది. వద్దన్నాను. పరుగుకు పరుగే మందు అన్నాను.

పసిపిల్లల చేత మోత పని చేయించమని నేనిప్పుడు అనడం లేదు. ఎవరూ అలా అర్థం చేసుకోవద్దు. ఆ పని ఆమెకు ఇచ్చిన బలాన్ని గుర్తించి, దాని స్థానంలో పద్ధతైన కసరత్తు పెట్టవలసిన బాధ్యత నాది. నేను ఉన్నది తీసేశాను, బదులు ఏమీ ఇవ్వలేదు.

ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు, హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతూ కాలువ గట్టు మీద వారానికి డెబ్భై కిలోమీటర్లు పరుగెత్తింది. పోటీ రోజున పదిహేడో కిలోమీటరు దగ్గర కూర్చుండిపోయింది. మోకాలి కింద ముందెముకలో వెంట్రుకవాసి పగులు అని వైద్యుడు చెప్పారు. పరుగు దూరాన్ని ఒక్కసారిగా పెంచడమూ ఒక కారణమే, కాదనను. కానీ ఎముకకు కూడా బరువు అలవాటు కావాలని, చుట్టూ ఉన్న పిక్క, తొడ, తుంటి గట్టిగా ఉంటే ఆ ఎముక మీద దెబ్బ తగ్గుతుందని నాకు అప్పుడు తెలియదు. పన్నెండేళ్ళు ఆమె పరుగు జోలికి వెళ్ళలేదు. ఒక్కమాట నన్ను అనలేదు కూడా. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే పదవీ విరమణ తర్వాత కూర్చుని చదివాను. ‘బరువులూ పరుగూ పొసగవు’ అనే మాటకు ఆధారంగా ఎక్కువగా చూపేది 1980లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ చేసిన పరిశోధన. మూడు జట్లు, పది వారాలు. ఒక జట్టు బలం కోసం, ఒకటి దమ్ము కోసం, అంటే అలవకుండా ఎక్కువసేపు శ్రమించే శక్తి కోసం, మూడోది రెండూ. ఏడో వారం వరకు మూడో జట్టుకూ బలం పెరిగింది. ఆ తర్వాత ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది. ఇక్కడి దాకానే అందరూ చెప్పుకుంటారు. మిగతా సగం వినండి. ఆ జట్టుకు దమ్ము ఏమాత్రం తగ్గలేదు, దమ్ము ఒక్కటే సాధన చేసిన వాళ్ళతో సమానంగా పెరిగింది. పైగా వాళ్ళు వారానికి అయిదు రోజులు బరువులు, ఆరు రోజులు దమ్ము కసరత్తు చేశారు. అంత చేస్తే ఎద్దు కూడా కూలబడుతుంది!

అదే హిక్సన్ 1988లో, అప్పటికే దమ్మున్న వాళ్ళకు పది వారాలు, వారానికి మూడు రోజులు కాళ్ళకు బరువులు పెట్టించారు. ఒకే స్థాయి శ్రమతో సైకిలు తొక్కమంటే అంతకుముందు 71 నిమిషాలకు అలసిపోయినవాళ్ళు 85 నిమిషాలు తొక్కారు. 1999లో ఫిన్లాండ్‌లో పరుగుగాళ్ళకు తొమ్మిది వారాలు గెంతులు, వేగపు పరుగులు, చురుకుగా ఎత్తే బరువులు కలిపితే అయిదు కిలోమీటర్ల సమయం తగ్గింది. ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు మాత్రం పెరగలేదు. ట్యాంకు అదే, మైలేజీ పెరిగింది.

ఇది మన సీమకు మరీ అవసరం. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా నేల చాప పరచినట్టు ఉంటుంది. 1852లో ఆనకట్ట కట్టారు, కాలువలు తవ్వారు, వాటి గట్లు మనకు చక్కని పరుగు దారులయ్యాయి. కానీ ఎక్కడానికి కొండ లేదు. మెట్ట ప్రాంతం పిల్లల కాళ్ళకు ఎగుడుదిగుళ్ళు నేర్పే బలం మన పిల్లలకు రాదు. ఏటిగట్టు ఎక్కి దిగితే ఎంత, వంతెన ఎక్కితే ఎంత? మన కొండ ఈ గదిలోనే ఉంది, ఆ బరువులెత్తే ఇనుప బార్ మీద.

బలమూ దమ్మూ కలవవని కోనసీమలో పుట్టినవాడు ఎలా నమ్మాడా అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. కనుమ రోజున జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దేవుడి ప్రభలు మనుషుల భుజాల మీద వస్తాయి కదా. పచ్చని చేల మధ్య నుంచి, బురదలో, “శరభ శరభ” అంటూ. చేను తొక్కినా రైతు అదృష్టమనుకుంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక ఏరు దాటే చోట నా చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూశాను. మోకాలి లోతు, నడుము లోతు, ఆ పైన మెడ లోతు. భుజం మీది వాసం దిగదు. అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు ఒకాయన పిక్క వణకడం నాకు కనిపించింది. వణుకుతూనే ఎక్కింది. అక్కడ బలం ఎక్కడ ఆగింది, దమ్ము ఎక్కడ మొదలైంది? ఎవరైనా గీత గీసి చూపించగలరా?

క్షమించండి, ప్రభల మాటెత్తితే నేను ఆగలేను. అసలు పనికొస్తాను.

ఒకసారి అందరూ లేవండి. చేతులు ఆనించకుండా లేవండి. ఇప్పుడు కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద నిలబడండి. తుంటి పక్కకు వాలిపోతోందా? పరుగులో ప్రతి అడుగూ ఒంటికాలి మీద నిలబడటమే. హాఫ్ మారథాన్‌లో అలాంటి అడుగులు వేలల్లో ఉంటాయి. కూర్చోండి.

పరుగుకు సిద్ధమయ్యేవాళ్ళకు వారానికి రెండు రోజుల బరువులు చాలు. మొదటి ఆరు వారాలు ఖాళీ బార్‌తో పద్ధతి నేర్చుకోండి. తర్వాత బరువు పెంచి, అయిదారు సార్లు ఎత్తి దించండి. ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే ఆపేయండి. ఒళ్ళు పులిసేదాకా చేస్తే మర్నాటి పరుగు పోతుంది. మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు కసరత్తు శాలల్లో, తీసే బస్కీలు మంచివే, కానీ వందలు తీయడం వేరు, బరువుతో అయిదు తీయడం వేరు.

అన్నిటికంటే ముఖ్యమైనది రోజుల ఎంపిక. వేగంగా పరుగెత్తిన రోజునే బరువులు పెట్టుకోండి. తెల్లవారుజామున పరుగు, సాయంత్రం బరువులు. మధ్యలో కనీసం ఆరు గంటలు తిండికీ విశ్రాంతికీ వదలండి. అప్పుడు తేలిక రోజు నిజంగా తేలికగా మిగులుతుంది. రోజూ కాస్త పరుగు, కాస్త బరువు అని కలిపేస్తే ఏ రోజూ ఒళ్ళు కోలుకోదు. పోటీకి వారం పది రోజుల ముందు బరువులు బాగా తగ్గించండి. అన్నం మానకండి, దానితో గుడ్డో, చేపో, శనగలో తప్పకుండా ఉండాలి.

చివరగా ఒక విన్నపం. పోయిన నెల ఆ పిల్ల, ఇప్పుడు పిల్ల కాదు, ఇద్దరు బిడ్డల తల్లి, మా ఇంటికి వచ్చింది. మళ్ళీ పరుగెత్తుతానంది. ఈసారి బరువులు కూడా ఎత్తుతానంది. తెల్లవారి అయిదింటికి గట్టు మీద పరుగు, ఎనిమిదింటి బస్సుకు ఉద్యోగం, సాయంత్రం ఆరింటికి ఇల్లు. ఈ రోజు లోపలికి వస్తూ గుమ్మం పక్కన మీరు అంటించిన సమయాల కాగితం చూశాను. ఆడవాళ్ళకు పగలు పదకొండు నుంచి పన్నెండు వరకు అని రాశారు. ఆ వేళకు ఊడ్పుల్లో ఉన్న ఆడమనిషి వస్తుందా? కాలేజీలో ఉన్న పిల్ల వస్తుందా? ఉద్యోగానికి వెళ్ళిన తల్లి వస్తుందా?

కార్యదర్శి గారూ, ఆ కాగితం మార్చండి. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర వరకు ఆడవాళ్ళకే. తాళం నాకివ్వండి, ఆ రెండు రోజులూ నేనే వచ్చి తలుపు తీస్తాను.