అమాయి అంటే అమ్మాయి కాదు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది త్వరలో వాలంటీర్లుగా వేరే దేశాలకు బయల్దేరుతున్నారట. నేను వెళ్లింది ఒక్క మలావీకే. జోంబా జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో రెండేళ్లు లెక్కలు చెప్పాను. కాబట్టి ఆఫ్రికా మొత్తం గురించి నన్ను అడక్కండి.

మాది అనంతపురం వైపు. వెళ్లేముందు టెన్షనంతా తిండి గురించే. తీరా మొదటిరోజు పళ్లెంలో పెట్టింది చూస్తే, సంకటి! రాగులది కాదు, తెల్ల మొక్కజొన్న పిండిది. వాళ్లు న్సిమా అంటారు. కుడిచేత్తో చిన్న ముద్ద తీసుకుని, బొటనవేలితో గుంట నొక్కి, దాంతో ఆకుకూర అందుకుని తింటారు. ఆ కూరలో కూడా శెనక్కాయల పొడే. సీమవాళ్లకి ఇంకేం కావాలి? వాళ్ల రాజధాని లిలాంగ్వే దగ్గర చిటేడ్జెలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ (పంటల పరిశోధన సంస్థ) వాళ్లే వేరుసెనగ మీద పని చేస్తున్నారని తర్వాత తెలిసింది.

తిండి సరే, నన్ను ముంచింది మాట. చిచెవా భాష పక్కింటి పిల్లల దగ్గర నేర్చుకున్నాను. నాలుగు ముక్కలు రాగానే ఉత్సాహం ఆగలేదు. మా హెడ్మాస్టరుగారి అమ్మగారు మామిడిచెట్టు కింద కూర్చుని మొక్కజొన్న కంకులు వలుస్తున్నారు. ఎదురుగా నిలబడి "ఇవె, ఉలి బ్వాంజి?" అన్నాను. ఆవిడ చెయ్యి కంకి మీదే ఆగిపోయింది. పిల్లలు నోళ్లు మూసుకుని లోపలికి పరుగు. ఇవె అంటే నువ్వు, ఇను అంటే మీరు. డెబ్బై ఏళ్ల పెద్దావిడని "ఏమే, ఎలా ఉన్నావ్?" అన్నానన్నమాట. నువ్వూ మీరూ తేడా తెలియక కాదు, తెలుగుదాన్నే కదా. కానీ పిల్లలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నేర్చుకున్నానని తట్టలేదు. ఆవిడని "అమాయి" అనాలట, అంటే అమ్మ. నా చెవికేమో అది "అమ్మాయి"! ముసలావిడని అలా పిలవడానికి వారంపాటు నోరు రాలేదు.

దానికన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. పొద్దున్నే స్కూల్లో అడుగుపెడుతూనే "చాక్‌పీసులెక్కడ?" అనేదాన్ని. అక్కడ ముందు "మ్వాడ్జుకా బ్వాంజి" అనాలి, ఎలా లేచారు అని. వాళ్లు చెప్పాలి, తిరిగి అడగాలి, మనం చెప్పాలి. ఇదంతా టైమ్ వేస్టనుకున్నాను. (బజార్లో "మీ షాపెక్కడ?" అని అడిగినవాళ్లతో మాత్రం బాగానే మాట్లాడేదాన్ని. అక్కడ భారతీయులంటే ఎక్కువగా వ్యాపారస్తులే.)

సెప్టెంబరులో వెళ్లిన నేను, జనవరిలో శనివారం స్పెషల్ క్లాసులు మొదలుపెట్టాను. ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన చార్టులన్నీ గోడకి అంటించాను. వచ్చింది ఐదుగురు. పిల్లలకి శ్రద్ధ లేదని నాలో నేనే నిష్ఠూరమాడుకున్నాను. సంగతేంటంటే, అక్కడ ఏడాదికి ఒక్క వర్షాకాలమే. కొత్త మొక్కజొన్న ఏప్రిల్ దాకా చేతికి రాదు. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి చాలా ఇళ్లలో పాత గింజలు అయిపోతాయి. పిల్లలు పక్క పొలాల్లో కూలికి పోతారు, దాన్ని గన్యు అంటారు. ఊరందరికీ తెలుసు. పొద్దున పలకరింపుల్లో స్టాఫ్‌రూమ్‌లో నడిచే కబురే అది. నేను చాక్‌పీసులు వెతుక్కుంటున్నాను. క్లాసులు మే నెలకి మార్చాను.

ఆ ఊళ్లో తలుపు కొట్టరు. వాకిట్లో నిలబడి "ఓడీ!" అంటారు. లోపల్నుంచి "ఓడీని!" అంటే రమ్మని. ఐదారు నెలలు పిల్లలు తప్ప నా వాకిట్లో ఎవరూ ఓడీ అనలేదు. మార్చిలో ఒక సాయంత్రం వాన వెలిశాక వినిపించింది. తలుపు తీస్తే మా హెడ్మాస్టరుగారి అమ్మగారు, చేతిలో గుమ్మడాకుల కట్ట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి,

"ఇవె, ఉలి బ్వాంజి?" అన్నారు, నవ్వు ఆపుకుంటూ.