దంపుడు బియ్యానికి పాత బియ్యం లెక్క చెల్లదు: రెండు రకాలు వండి, ఆరు నెలలు నిల్వ పెట్టి చూసిన రివ్యూ

నమస్కారం. ఈ బల్ల మీద మూడు గిన్నెల్లో ఉన్నవి మూడూ బ్రౌన్ రైసే అయినా, పక్కపక్కన పెట్టి చూస్తే రంగులోనూ, గింజ పొడవులోనూ, అన్నింటికంటే ఎక్కువగా వాసనలోనూ తేడా ఉంది. వాసన వీడియోలో మీదాకా రాదు కాబట్టి దాన్ని మాటల్లోనే చెప్పాలి. ఎడమ గిన్నెలోది సాంబ మసూరి, మన ఇళ్లలో బీపీటీ అని పిలుచుకునే 5204 రకం. మధ్యలోది రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 2015లో విడుదలైన తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048. ఈ రెండూ ఊక మాత్రమే తీసి, ప్యాక్ చేసిన తేదీ వేసి అమ్మినవి. కుడి గిన్నెలోది మా హబ్సిగూడలోనే ఒక దుకాణంలో గోనెసంచిలోంచి తూచి ఇచ్చిన విడి బియ్యం. రకమేమిటని అడిగితే ‘దంపుడు బియ్యమేనమ్మా’ అన్నారు తప్ప ఎప్పుడు ఆడించినవో చెప్పలేకపోయారు.

ముందుగా పేర్ల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. వడ్ల మీది ఊక మాత్రమే పోయి, తవుడు పొర, మొలక భాగం గింజకు అంటుకుని ఉంటే అది ముడి బియ్యం, అంటే బ్రౌన్ రైస్. రోట్లో రోకలితో దంచితే ఊకతోపాటు తవుడు కూడా కొంత రాలుతుంది, అది అసలైన దంపుడు బియ్యం. ఇప్పుడు ఎక్కువగా మిల్లుల్లో రెండు రబ్బరు రోలర్ల మధ్య వడ్లను నలిపి ఊక వలుస్తున్నారు. దంచడం లేకపోయినా దుకాణాల్లో మాత్రం పాత పేరే నిలిచింది. ఎర్ర బియ్యం వేరు, ఇది వేరు. ముడి బియ్యం రంగు పలచని గోధుమ వన్నెకు మించదు.

ఇక నేను చేసిన పొరపాటు చెప్తాను, ఎందుకంటే ఈ వీడియో పుట్టింది దానివల్లనే. మా అత్తయ్యగారు బియ్యం కొనేటప్పుడు ఏడాది మాగినవేనా అని అడగకుండా సంచి ఇంట్లోకి రానివ్వరు, కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుందని ఆవిడ లెక్క, తెల్ల బియ్యానికి ఆ లెక్క నూటికి నూరుపాళ్లూ నిజం. అదే అలవాటుతో నేను కిందటి ఏడాది మార్చిలో పది కిలోల ముడి బియ్యం ఒకేసారి కొని, స్టీలు డబ్బాలో పోసి, వంటింటి అటక మీద పెట్టాను. మే నెల సగానికి వచ్చేసరికి మూత తీస్తే, బూరెలు వేయించిన మూకుడులో నాలుగు రోజులుగా మిగిలిపోయిన నూనె ఎలా ఉంటుందో అచ్చం ఆ వాసన వచ్చింది. పురుగు మాత్రం ఒక్కటి కూడా లేదు. వండి చూస్తే అన్నం చూపుకు బాగానే ఉంది కానీ, మింగిన తరువాత నాలుక చివర చిరుచేదు మిగిలింది.

దీనికి కారణం తవుడులోనే ఉంది. తవుడు బరువులో నూటికి 15 నుంచి 20 వంతుల దాకా నూనె ఉంటుంది. రైస్ బ్రాన్ ఆయిల్ పేరుతో మనం సీసాల్లో కొనేది ఆ నూనెనే. గింజ ఊక లోపల క్షేమంగా ఉన్నంతకాలం ఆ నూనె ఒక పొరలో, దాన్ని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము మరో పొరలో ఉంటాయి. ఊక వలిచేటప్పుడు గింజ ఒరుసుకుని ఆ పొరలు చెదరగానే రెండూ కలుస్తాయి, ఆపైన గాలి, మన హైదరాబాదు ఎండాకాలపు వేడి తోడైతే నూనె చెడుతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఆ తవుడే ఉండదు కాబట్టి అది మాగుతుంది. ముడి బియ్యం మాగదు, ముక్కుతుంది. అందుకే దీన్ని ధాన్యంలా కాకుండా వేరుశనగ గుండ్లలా, నువ్వులలా చూడమని నా సలహా. అటక మీద ఏడాది సరుకులా పెట్టే వస్తువు కాదిది.

దీన్ని సరిచూడడానికి ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒకే ప్యాకెట్టులోని బియ్యాన్ని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని స్టీలు డబ్బాలో వంటింటి అరలోనూ, రెండోదాన్ని బిగుతు మూత ఉన్న గాజు సీసాలో ఫ్రిజ్‌లోనూ పెట్టాను. ఇప్పుడు ఆగస్టు. అరలోని డబ్బాలో మే చివరినుంచే పాత నూనె వాసన మొదలైంది. ఫ్రిజ్‌లోని సీసా మూత తీస్తే ఇప్పటికీ పచ్చి తవుడు వాసన, కొంచెం తీపిగా, మిల్లు దగ్గర నిలబడినట్టుగా వస్తోంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి. చల్లటి గింజల మీద గాలిలోని తేమ నీటి చుక్కలై కూర్చుంటుంది, దానితో బూజు పడుతుంది. అరగంట బయట ఉంచి, తరువాత మూత తీసి, కావలసినంత తీసుకుని మళ్లీ లోపల పెట్టండి. పురుగు భయం ఉన్నవారు కొన్న సంచిని అలాగే వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. తెల్ల బియ్యానికి కలిపినట్టు దీనికి బోరిక్ పౌడరు కలిపేవారిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. అది తినే వస్తువు కాదు.

ఇప్పుడు వంట. కెమెరాను కొంచెం దగ్గరకు తెస్తున్నాను, ఈ రెండు గింజలను చూడండి. మొదటిది పొడి గింజ, రెండోది రెండు గంటలు నానినది. నానిన గింజ ఒక కొస దగ్గర చిన్న తెల్లటి బొడిపె ఉబ్బి కనిపిస్తోంది కదా, అది మొలక వచ్చే చోటు. పాలిష్ చేసిన బియ్యంలో ఆ చోట గుంట మాత్రమే మిగులుతుంది. ఈ గింజను గోటితో నొక్కితే రెండుగా విరుగుతుంది, పొడి గింజ విరగదు. తవుడు పొర నీటిని అంత తొందరగా లోపలికి పోనివ్వదు, అందువల్ల నానబెట్టకుండా వండితే పైన మెత్తబడి లోపల పలుకుగా మిగులుతుంది. బ్రౌన్ రైస్ తినలేకపోతున్నామని చెప్పేవారిలో సగం మంది నిజానికి తినలేకపోతున్నది ఆ పలుకునేనని నా అనుమానం.

ప్రెషర్ కుక్కర్‌లో ఒక గ్లాసు నానిన బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచి, ఆవిరి తనంతట తాను పోయేదాకా మూత తీయకుండా ఉమ్మగిలనిస్తే సాంబ మసూరి చక్కగా ఉడికింది. తెలంగాణ సోన గింజ ఇంకా సన్నం కాబట్టి అదే కొలతకు కొంచెం మెత్తబడింది, పావు గ్లాసు నీళ్లు తగ్గించవచ్చు. విజిల్స్ లెక్కను నేను నమ్మను. ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, గడియారం నయం.

ఎలక్ట్రిక్ కుక్కర్ నన్ను నిరాశపరచింది, అయితే తప్పు దానిది కాదు. అడుగున ఉన్న స్విచ్చి నీళ్లు ఇంకిపోయి గిన్నె అడుగు వేడి వంద డిగ్రీలు దాటగానే పడిపోతుంది. గింజ ఉడికిందా లేదా అన్నది దానికి పట్టదు. రెండు గ్లాసుల నీళ్లు పోస్తే స్విచ్చి పడేసరికి పలుకు మిగిలింది, మూడు పోస్తే మూత కింద నుంచి నురుగు పొంగి గట్టంతా జిగురైంది. నానబెట్టి, రెండున్నర పోసి, గిన్నె సగానికి మించకుండా వండితే పని జరుగుతుంది. మూడో పద్ధతి, గిన్నెలో ఎసరు బాగా పెట్టి అరగంటకు పైగా ఉడికించి గంజి వార్చడం. మెతుకులు అందంగా విడివిడిగా వచ్చాయి, ఆ అన్నంతో చేసిన బగారా అన్నం మా ఇంట్లో అందరికీ నచ్చింది. అయితే గంజితోపాటు బి విటమిన్లు కూడా కొంత పోతాయి. గంజిని చారులో కలుపుకునేవారికి ఆ బెంగ లేదు.

ఆ విటమిన్ల ప్రస్తావన ఊరికే తేలేదు. మా ఇంటికి దగ్గరలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైనదే బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తవుడు తీసేసిన బియ్యమే ప్రధాన ఆహారమైన చోట, థయమిన్ అనే బి విటమిన్ అందక వచ్చే జబ్బు బెరిబెరి. అదే సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో చూస్తే, వంద గ్రాముల ముడి బియ్యంలో థయమిన్ 0.27 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 0.05. పీచు దగ్గరకు వస్తే తేడా అంత పెద్దది కాదు, 4.4 గ్రాములు, 2.8 గ్రాములు. కాబట్టి షుగర్ ఉన్నవారు బ్రౌన్ రైస్ కదా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే, బియ్యం మార్చాం కదా అన్న తృప్తి తప్ప వేరే లాభం ఉండదు. పక్కన పప్పు, ఆకుకూర పెంచడం మేలు.

రుచి విషయంలో నా తీర్పు మొహమాటం లేకుండా చెప్తాను. పులిహోరకు, బగారాకు, గోంగూర పప్పుకు ఇది బాగుంటుంది, పెరుగన్నానికి బాగుండదు. ఎంత పిసికినా పెరుగూ మెతుకూ ఎవరిదారి వారిదే.

మిగిలిన అన్నాన్ని రాత్రంతా గిన్నెలో బయట వదలవద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో పెరుగుతాయి, అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పళ్లెంలో పరచి చల్లార్చి గంటలోపల ఫ్రిజ్‌లో పెట్టండి, మరునాటికి వాడేయండి. గట్టిపడిన మెతుకుల మీద నీళ్లు చిలకరించి ఆవిరి మీద వేడి చేస్తే మళ్లీ మెత్తబడతాయి.

ఇక కుడి గిన్నెలోని విడి బియ్యాన్ని నేను వండలేదు. చేటలో పోసి చెరుగుతున్నప్పుడే ఆ మూకుడు వాసన తగిలింది, రాళ్లు, మెరికలు కూడా ఉన్నాయి. ఇకమీదట తేదీ లేని సంచి కొనను, ఇద్దరికి నెలకు సరిపడే రెండు కిలోలకు మించి తీసుకోను. సాంబ మసూరిలో ముప్పావు కిలో మిగిలింది, సీసాకు ఈ రోజు తారీఖు చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టాను. వినాయక చవితి దాకా ఉంటే ఉండ్రాళ్లకు రవ్వ పట్టిద్దామని ఉంది, అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు.